ఆరు అంకెలు, ఒక అర

కోటేశ్వరికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తను ఏడో తరగతి అర్ధసంవత్సరం పరీక్షల ముందే చదువు మానేసిందన్న సంగతి బడివాళ్ళకి తెలిసిపోతుందని. తెలిసిన మర్నాడే కూతురు మోక్షితకి సంచీ తగిలించి గేటు బయట నిలబెడతారని.

భయానికి కారణం లేకపోలేదు. చీరాలలో శిఖరాగ్ర గ్లోబల్ పాఠశాలలో పిల్లని చేర్చుకోవాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ కనీసం పదో తరగతి గట్టెక్కి ఉండాలని నియమం. చేరబోయే పిల్లకి గౌను గుండీ పెట్టుకోవడం రాకపోయినా ఫరవాలేదు. మూడేళ్ళ కిందట ఫారం నింపుతూ కోటేశ్వరి "తల్లి విద్యార్హత" అన్న గడి దగ్గర ఆగిపోతే, మొగుడు బ్రహ్మయ్య ఆ పెన్ను అందుకుని "టెన్త్" అని రాసిపారేశాడు.

"సర్టిఫికెట్టు అడిగితే ఏం జేస్తాం?" అంది కోటేశ్వరి గుసగుసగా.

"అడిగినప్పుడు చూద్దాంలేవే. నా వైండింగు షాపుకొచ్చినోళ్ళు నన్నెప్పుడన్నా సర్టిఫికెట్టు అడిగారా? మోటారు తిరిగిందా లేదా, అంతే."

ఆ రోజు బడిలో జిరాక్సు మిషను చెడిపోయి ఉంది కాబట్టి సర్టిఫికెట్లు ఎవర్నీ అడగలేదు. మిషను బాగయ్యాక అడుగుతారు గదా అని కోటేశ్వరి మూడేళ్ళుగా ఎదురుచూస్తోంది. పిల్లని దించడానికి వెళ్ళినప్పుడల్లా ఆఫీసు కిటికీలోంచి ఆ మిషను వంక ఒకసారి చూసేది. దాని మీద కప్పిన పూల దుప్పటి కదలకుండా ఉంటే ఆ రోజుకి ప్రాణం నిమ్మళం.

ఇంట్లో ఆమె జాకెట్లు కుడుతుంది. బడి మాన్పించిన రోజున వాళ్ళమ్మ చేతికి సూదిచ్చి హుక్కులు కుట్టమంది; హుక్కుల్నించి కాజాలకి, కాజాల్నించి మిషనుకి ఎదిగింది. పేరాల వైపు ఆమె కుట్టిన జాకెట్టుకి వంకపెట్టిన ఆడమనిషి లేదు. ఆమె కొలతల పుస్తకంలో మాటలుండవు. పేజీకొక మనిషి, మనిషికి ఆరు అంకెలు. పొడవు, ఛాతీ, నడుము, భుజం, చెయ్యి, మెడలోతు. వరస ఎప్పుడూ తప్పదు గనక ఏది ఏదో రాయక్కర్లేదు. మరీ అవసరమైతే కింద ఒక ముక్క రాసుకుంటుంది.

రెండో తరగతికి ఎస్తేరు మిస్ క్లాసు టీచరు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. చాక్‌పీసు పొడి అంటని చీరలో ఆమెని చూసినవాళ్ళు లేరు. సాయంత్రం గేటు దగ్గర పిల్లల్ని అప్పజెప్పేటప్పుడు ఒక్కొక్క తల్లికి ఒక్కొక్క మాట చెప్పేది. "మోక్షిత మదర్, ఇవాళ మూడో ఎక్కం తడుముకోకుండా చెప్పింది." "మోక్షిత మదర్, పక్కపిల్లతో కబుర్లు ఎక్కువయ్యాయి, కాస్త చెప్పండి." ఆ ఒక్క మాటనీ కోటేశ్వరి ఇంటిదాకా మోసుకెళ్ళి, అన్నం పెడుతూ బ్రహ్మయ్యకి చెప్పేది. జులై మొదటి వారంలో ఒక రోజు మిస్ నవ్వుతూ అంది: "మీ అమ్మాయికి పేరులో 'మో' వచ్చింది, 'త' వచ్చింది. మధ్యలో 'క్ష' దగ్గర చిక్కుపడుతోంది. ఒత్తులు వచ్చేవారం మొదలెడతాను. దానిదేముంది, రెండురోజుల పని."

ఆ వచ్చేవారం రాలేదు. దాని బదులు షామియానా వచ్చింది.

శనివారం పొద్దున తల్లిదండ్రులందర్నీ పిలిచి ఆవరణలో కుర్చీలు వేశారు. బడికి కొత్తగా విద్యా ప్రగతి సమన్వయ సంచాలకుడు వచ్చాడు. పేరు పాండురంగారావు. పదవి పలకడం కష్టంగా ఉందని అందరూ డైరెక్టరు గారనేవారు. ఆయన మైకు ముందుకొచ్చి, "ప్రియమైన అభ్యసన భాగస్వాములారా!" అన్నాడు. అంతవరకూ తాము తల్లిదండ్రులమనుకుంటున్నవాళ్ళు, తమ వెనకాల ఎవరున్నారా అని తిరిగి చూశారు.

"మీ చిన్నారి బడిలో ఏం నేర్చుకుంటున్నదో మీకు తెలుసా? తెలియదు! మీకు తెలిసినట్లు మీరు అనుకోవడం వేరు, మీకు తెలిసినట్లు మా వద్ద రికార్డు ఉండటం వేరు. ఇకమీదట ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు సమగ్ర వారాంతపు అభ్యసన ప్రగతి నివేదిక మీ ఫోనులోకి నేరుగా ప్రవహిస్తుంది."

ప్రవహించింది. మొదటి శుక్రవారం పదకొండు పేజీలు వచ్చాయి. పిల్లలు, మిస్సులు అందరూ దాన్ని అప్‌డేట్ అన్నారు. అంతా ఇంగ్లీషు. ఇంగ్లీషు రానివాళ్ళ కోసం చివర్లో తెలుగులో కూడా ఇచ్చారు. అది చదివాక కోటేశ్వరికి ఇంగ్లీషే నయమనిపించింది. "ఈ వారం మీ చిన్నారి సంఖ్యా భావనల సాన్నిధ్యంలో అర్థవంతమైన సమయాన్ని గడిపినది" అని ఉంది.

"ఈ వారం ఏం చెప్పిందే మీ మిస్?" అనడిగింది కూతుర్ని.

"ఫోటోలు తీసిందమ్మా. మేము పుస్తకం చూస్తున్నట్టు చూడాలంట. నేను నిజంగా చదువుతుంటే తల ఎత్తమంది. మొహం కనపడ్లేదని."

కోటేశ్వరి అప్‌డేట్‌కి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి పంపింది. మూడు వారాలు ఆ జోడించిన చేతులతోనే గడిచాయి. నాలుగో వారం బడి నుంచి తాఖీదు వచ్చింది. బొమ్మలు చెల్లవట. నివేదిక అందుకున్న ప్రతి భాగస్వామి, ఆ వారం బిడ్డ ఎంత నేర్చిందో ఇంట్లో స్వయంగా కొలిచి, ఆదివారం సాయంత్రం ఆరు గంటల్లోగా ప్రత్యుత్తర నివేదిక పంపవలెను. పంపనివారు సోమవారం తమ విద్యార్హత పత్రాల నకళ్ళతో స్వయంగా హాజరు కావలెను.

ఆ చివరి వాక్యం చదివి కోటేశ్వరి కత్తెర కింద పెట్టేసింది.

"కొలవడమేందయ్యా? చదువుని ఎట్టా కొలుస్తారు?" అంది మొగుడితో.

"జాకెట్లు కొలిచేదానివి, నువ్వే నన్నడుగుతావేందే?" అన్నాడు బ్రహ్మయ్య, టీ తాగుతూ. అంతకుమించి ఆలోచించే అలవాటు అతనికి లేదు.

ఆదివారం వచ్చింది. శ్రావణమాసం. ఇంటినిండా పెళ్ళి జాకెట్లు. ఎదురింటి ధనలక్ష్మి పిన్ని, అరవై దాటిన మనిషి, అన్నగారి మనవరాలి పెళ్ళికి పట్టు జాకెట్టు శుక్రవారానికల్లా కావాలని ఒంటికాలి మీద నిలబడింది. కోటేశ్వరి ఒకపక్క ఆమె కొలతలు రాసుకుంది. ఇంకోపక్క, అయిదున్నర దాటుతుంటే, ఒక తెల్లకాగితం మీద గుండ్రంగా రాసింది: "మా పాప బాగానే చదువుతుంది. అన్నం తొందరగా తినదు. ఇట్లు, కోటేశ్వరి." రెంటికీ ఫోనులో ఫోటోలు తీసింది. కాగితం బడికి, కొలతల పేజీ తనకి కటింగు చేసిపెట్టే మస్తానమ్మకి. ఆరుకి రెండు నిమిషాలుండగా పంపి, అమ్మయ్య అనుకుని మిషను మీద కూర్చుంది.

పది నిమిషాలకి మస్తానమ్మ ఫోను చేసింది.

"అక్కా, అన్నం తొందరగా తినదని రాశావు సరే. లైనింగు వెయ్యాలా వద్దా?"

కోటేశ్వరికి ఫోటోలు తారుమారయ్యాయని అర్థమైంది. గబగబా బడికి పంపిన ఫోటో చెరిపేసింది. అది తన ఫోనులోంచి మాత్రమే పోయింది. అవతల నీలం టిక్కులు అప్పటికే పడ్డాయి.

సోమవారం పది గంటలకి బడి నుంచి పిలుపు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని వెళ్ళింది. దారిపొడుగునా ఒకటే లెక్క: మునిసిపల్ స్కూల్లో రెండో తరగతిలో సీటుంటుందా, ఉంటే యూనిఫారం ఏ రంగు. అది తనే కుట్టుకోవచ్చు.

ఆమెని చూడగానే డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆయన టేబులు మీద కంప్యూటరులో ధనలక్ష్మి పిన్ని కొలతలు అరచేతంత అక్షరాలతో వెలుగుతున్నాయి.

14
36
32
14½
9
7

వాటి కింద కోటేశ్వరి చేతిరాత: "పోయినసారికన్నా రెండు పెరిగింది. విప్పుకోడానికి లోపల గుడ్డ వదలాలి."

"సార్, అది పొరపాటున..." అంది కోటేశ్వరి.

"వినయం! వినయం ముందుగా వచ్చేసింది!" అన్నాడు డైరెక్టరు గారు, పక్కన నోట్‌పుస్తకం పట్టుకుని నిలబడ్డ ఎస్తేరు మిస్‌తో. "నాలుగు వందల పదకొండు మంది భాగస్వాములు 'బాగా చదువుతున్నాడు', 'గుడ్', 'పర్లేదు' అని రాశారు. భావావేశం! ఒక్కరు, ఒకే ఒక్కరు, అంకెల్లో మాట్లాడారు. ఆరు సూచికలు! అందులో ఒకటి అరతో సహా! నేను మూడు రాష్ట్రాల్లో పనిచేశాను మేడమ్. బిడ్డ అభ్యసనాన్ని అర వరకు కొలిచిన తల్లిని చూడలేదు."

"అది కాదు సార్, ముప్ఫై రెండంటే..."

"చెప్పకండి! నన్ను గ్రహించనివ్వండి." ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మొదటిది స్మరణ. రెండవది అవగాహన. మూడవది అన్వయం, కొంచెం తక్కువగా ఉంది, సహజం. నాలుగవది, అరతో ఉన్నది, సృజన. సృజన ఎప్పుడూ పూర్ణసంఖ్యలో ఉండదు. పోలిక కూడా ఉంది, పోయినసారికన్నా రెండు పెరిగింది! ఇక ఈ ఉపమానం చూడండి మిస్, 'విప్పుకోడానికి లోపల గుడ్డ వదలాలి.' భావి వికాసానికి అవకాశం! నేను నలభై పేజీల్లో చెప్పలేకపోయిన మాట." కళ్ళు తెరిచాడు. "మీ విద్యార్హత ఏమిటి మేడమ్?"

కోటేశ్వరి పక్కకి చూసింది. కిటికీ పక్కన జిరాక్సు మిషను, దాని మీద పూల దుప్పటి.

"ఫారంలో టెన్త్ అని ఉంది," అన్నాడు ఆయనే కాగితాలు తిరగేసి. "టెన్త్‌తోనే ఇంతటి ప్రతిభ! నేను దీన్ని ఈ వారం నివేదికలో ప్రస్తావిస్తున్నాను."

ఎస్తేరు మిస్ ఆ తెర మీది అంకెల్ని చూసింది, కోటేశ్వరిని చూసింది. ఆమె కూడా జాకెట్లు కుట్టించుకునే మనిషే. పెదవులు బిగబట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

ఆ శుక్రవారం నుంచి అందరూ ఆరు అంకెలు పంపాలని నియమం వచ్చింది. దానికి కోటేశ్వరి విధానమని పేరు పెట్టారు. ఆదివారం ఉదయం ఇంటి ముందు కారు ఆగింది. బ్యాంకులో ఆఫీసరుగా చేసే హరగోపాల్ గారు, ఎమ్మెస్సీ, కొడుకుని వెంటబెట్టుకుని దిగాడు. అతని కొడుకు మోక్షిత క్లాసే.

"అమ్మా, మావాడికి మూడోది ఎంత రాయమంటారు? మా ఆవిడా నేనూ నిన్నట్నించి పోట్లాడుకుంటున్నాం. ఆవిడ ఇరవై అంటుంది. పక్కింటివాళ్ళు ముప్ఫై పంపారట, మరి మనం తక్కువ పంపితే బాగుండదు గదా?"

"అది... మధ్యలోదండీ," అంది కోటేశ్వరి నడుము చుట్టూ కొంగు బిగించుకుంటూ. "మొదటి రెండిట్లో పెద్దదానికన్నా కాస్త తక్కువుంటే చాలండీ."

ఆయన జేబులోంచి చిన్న డైరీ తీసి ఆ మాట రాసుకున్నాడు. "ఎంత సులువుగా చెప్పారు!" అంటూ వెళ్ళాడు. సాయంత్రానికి వీధిలో ఏడు స్కూటర్లు. ధనలక్ష్మి పిన్ని అరుగు మీద కూర్చుని, "ఏందే కోటేశ్వరీ, మగాళ్ళకి గూడా కుడుతున్నావా?" అని అడిగింది.

పంపిన అంకెలు పంపినట్టు ఉండటానికి లేదు, వారం వారం పెరగాలి. పెరగనివాళ్ళకి హెచ్చరిక. పెరిగినవాళ్ళకి అభినందన. ప్రతి ప్రత్యుత్తరానికీ మిస్ ఒక సమాధానం రాయాలి, ఆ సమాధానం అందినట్టు తల్లి రాయాలి, తల్లి రాసింది అందినట్టు మిస్ రాయాలి. సెప్టెంబరు నాటికి పాఠం చెప్పడానికి సోమవారం ఒక గంట మిగిలింది. అక్టోబరులో ఆ గంటని "అభ్యసన అంతరాయం"గా గుర్తించి తీసేశారు. మిస్సులందర్నీ మేడ మీద నివేదికా విభాగంలోకి మార్చారు. కింద క్లాసుల్లో పిల్లల దగ్గర ఆయాలు కూర్చున్నారు. ఆ వారం అప్‌డేట్‌లో, "పిల్లలు స్వయం నిర్దేశిత మౌనాన్ని సాధించిరి" అని వచ్చింది.

గేటు దగ్గర సాయంత్రాలు ఇప్పుడు ఒక్క మాటా లేదు. ఎప్పుడన్నా మేడ కిటికీలోంచి ఎస్తేరు మిస్ చెయ్యి ఊపేది. చీర మీద చాక్‌పీసు పొడి లేదు. కోటేశ్వరి ఆ శుభ్రమైన చీర వంకే చూస్తూ నిలబడేది.

ఒక సాయంత్రం ఆయాల కళ్ళుగప్పి గబగబా మెట్లెక్కింది. గదినిండా కాగితాలు. మిస్ ముందు మూత తియ్యని టిఫిను డబ్బా.

"మిస్, మా పిల్లకి ఇంకా పేరు రాయడం రాలా. క్ష చెప్తానన్నారు..."

"చెప్పాను గదమ్మా," అంది మిస్ తల ఎత్తకుండా. తర్వాత ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "అప్‌డేట్‌లో చెప్పానని రాశాను. ఆగస్టులో. రాసీ రాసీ చెప్పేశాననే అనుకున్నాను, మోక్షిత మదర్." గొంతు తగ్గించి అడిగింది: "ఆ జాకెట్టు సరిపోయిందా ఆవిడకి?"

"చంకల దగ్గర కొంచెం పట్టిందండీ."

ఇద్దరూ నవ్వారు. తర్వాత ఇద్దరికీ ఏడుపొచ్చింది. ఈలోగా ఆయా వచ్చి, ప్రత్యుత్తర నివేదిక లేకుండా భాగస్వాములు పైకి రాకూడదని కోటేశ్వరిని కిందకి దించేసింది.

నవంబరులో కోటేశ్వరి విధానానికి వంద రోజులు నిండుతాయని లెక్కవేసి బడిలో అభ్యసన ప్రగతి మహోత్సవం పెట్టారు. పెద్దరోడ్డు మీద గేటుకి అడ్డంగా ఫ్లెక్సీ కట్టారు. దాని మీద ధనలక్ష్మి పిన్ని కొలతలు మనిషెత్తున, కింద ఎర్ర అక్షరాల్లో "పోయినసారికన్నా రెండు పెరిగింది!" ఒకపక్క డైరెక్టరు గారి బొమ్మ, రెండు చేతులతో ఆ అంకెల్ని చూపిస్తూ.

ఆ రోజు పొద్దున మస్తానమ్మ మార్కెట్టుకి పోతూ ఆ ఫ్లెక్సీ కింద ఆగింది. వేలాది జాకెట్లు కత్తిరించిన మనిషి. అంకెలు చూస్తే మనిషి కళ్ళముందు నిలబడుతుంది. కూరగాయల సంచీ అట్టాగే పట్టుకుని వెనక్కి తిరిగింది.

ఇది తెలియని కోటేశ్వరి వేదిక మీద, శాలువా కప్పుకుని, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా నాలుగు వందల మంది. మొదటి వరసలో పిల్లలు. మిస్సులు మేడ మీద కిటికీల్లోంచి చూస్తూ రాసుకుంటున్నారు. ఉత్సవం అప్‌డేట్ నాలుగింటికల్లా వెళ్ళాలి.

"ఇప్పుడు ప్రత్యక్ష నిరూపణ!" అన్నాడు డైరెక్టరు గారు. "స్మరణ పదునాలుగు నుంచి నలభై ఒకటికి, సృజన ఇరవై తొమ్మిదిన్నరకు చేరిన చిన్నారి మోక్షిత, బోర్డు మీద తన పేరు రాస్తుంది!"

మోక్షిత వచ్చింది. చాక్‌పీసు పట్టుకుని 'మో' రాసింది. ఆగింది. బోర్డు వంక చూసింది, అమ్మ వంక చూసింది. ఇంకొంచెం జరిగి, చోటు వదిలి, 'త' రాసింది.

"మధ్యలోది రాయమ్మా."

"మధ్యలోది మిస్ చెప్పలేదు సార్."

డైరెక్టరు గారు ఫైలు తెరిచాడు. "ఆగస్టు మూడవ వారం, ఏడవ పేజీ. ఒత్తులు, సంయుక్తాక్షరాలు సంపూర్ణంగా సాధించినది. స్పష్టంగా ఉంది." ఆయన మైకులోకి వంగాడు. "నివేదిక ప్రకారం ఈ అమ్మాయికి వచ్చు. వచ్చి కూడా రాయడం లేదంటే ఇది అభ్యసన లోపం కాదు, ప్రవర్తనా లోపం. బిడ్డ తన నివేదిక నుంచి పక్కకు తొలగింది. నమోదు చేసుకోండి."

మోక్షిత చేతిలో చాక్‌పీసు విరిగింది.

కోటేశ్వరి లేచి నిలబడింది. అప్పుడే గేటు వైపునించి, మైకు అక్కర్లేని గొంతు వినపడింది.

"ఎవర్రా నా నడుము కొలత నడిరోడ్డు మీద కట్టింది!"

ధనలక్ష్మి పిన్ని. వెనక మస్తానమ్మ, సంచీతో. జనం దారిచ్చారు.

"ముప్ఫై రెండు నాది! పధ్నాలుగున్నర నాది! పెరిగితే పెరిగాను, నా ఒళ్ళు, మీకేంది నొప్పి? పెరిగిందని ఎర్ర రంగుతో రాయిస్తారా, సిగ్గులేకపోతే సరి!"

"అమ్మా, శాంతించండి," అన్నాడు డైరెక్టరు గారు. "ఈ సూచికలు ఏ ఒక్కరివో కావు. ఇవి సమాజం యావత్తుకూ చెందుతాయి."

"నీ మొహం! నా నడుము సమాజానికి చెందుద్దా?"

కోటేశ్వరి మైకు అందుకుంది. ఆమె మైకు పట్టుకోవడం అదే మొదలు. కత్తెర పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అయ్యా, అవి పిన్ని జాకెట్టు కొలతలు. నేనే పొరపాటున పంపాను. చదువుని కొలవడం నాకు చేతగాదు. మా పిల్లకి క్ష రాదు. దానికి ఎవరూ చెప్పలేదు గనక రాదు. దాన్ని ఏమీ అనబాకండి." ఊపిరి తీసుకుంది. ఇక్కడితో ఆపెయ్యొచ్చని తెలుసు. కానీ కుట్టు విప్పడం మొదలెట్టాక సగంలో ఆపితే ఆ గుడ్డ దేనికీ పనికిరాదు. "ఇంకోటి గూడా. నేను టెన్త్ గాదు. ఏడో తరగతి. అర్ధసంవత్సరం పరీక్షలు గూడా రాయలా."

బ్రహ్మయ్య వెనక వరసలో కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. హరగోపాల్ గారు చిన్న డైరీ మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. మోక్షిత మాత్రం పరిగెత్తుకొచ్చి అమ్మ కొంగు పట్టుకుంది.

"ఏడో తరగతా అమ్మా? మన ఊళ్ళో బడా? నీకు క్ష వచ్చా?"

"వచ్చు."

"మరి నాకెందుకు చెప్పలా?"

ఇంగ్లీషు బడి, మిస్సులు చెప్పాలి, తను చెబితే తప్పు పడుద్దేమోనని భయం. ఇదంతా నాలుగు వందల మంది ముందు చెప్పేది కాదు. కోటేశ్వరి పిల్ల తల మీద చెయ్యి వేసింది.

యాజమాన్యం ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కిటికీలోంచి కోటేశ్వరికి కనపడింది: ప్యూను వచ్చి జిరాక్సు మిషను మీది పూల దుప్పటి తీశాడు. ఎప్పుడు బాగయిందో, మిషను గుర్రుమంది. అయిపోయింది అనుకుంది. మునిసిపల్ స్కూలు యూనిఫారం నీలమా, ఆకుపచ్చా అని మళ్ళీ ఆలోచన వచ్చింది.

అరగంటకి డైరెక్టరు గారు తాజా కాగితంతో బయటికొచ్చాడు. గొంతు సవరించుకుని చదివాడు.

"పరిస్థితి సమగ్రంగా పరిశీలించడమైనది. ఇప్పటికి వెలువడిన పదహారు నివేదికలను ఉపసంహరించాలంటే, నాలుగు వందల పన్నెండు మంది భాగస్వాములు పదహారేసి ఉపసంహరణ ప్రత్యుత్తరాలు పంపవలసి ఉంటుంది. ఇది విద్యార్థుల ప్రయోజనాల దృష్ట్యా వాంఛనీయం కాదు. కావున నివేదికలు సరైనవే. నివేదికలకు అనుగుణంగా వాస్తవాలను సవరించడమైనది.

"ఒకటి. విద్యార్థుల సూచికలు తప్ప ఇతరుల సూచికలు నివేదికలో ఉండరాదు గనుక, శ్రీమతి ధనలక్ష్మిని రెండవ తరగతి బి సెక్షనులో చేర్చుకోవడమైనది.

"రెండు. తల్లి విద్యార్హత ఫారంలో పదవ తరగతి అని ఉన్నది. ఫారం తప్పు కానేరదు. కావున శ్రీమతి కోటేశ్వరి వచ్చే వేసవిలోగా ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి ఉత్తీర్ణురాలు కావలెను. అంతవరకు ఆమె బిడ్డ సీటు యథాతథం.

"మూడు. కుమారి మోక్షితకు క్ష వచ్చునని నివేదికలో ఉన్నందున, సోమవారం ఉదయానికల్లా వచ్చి తీరవలెను.

"పై ముగ్గురికీ బోధించే బాధ్యతను, వారిపై వారం వారం నివేదిక రాసే బాధ్యతతో సహా, ఎస్తేరు గారికి అప్పగించడమైనది. ఇప్పటి విధులకు అదనంగా."

జాకెట్టు బిగుతైతే మనిషిని విప్పి కుట్టే పద్ధతి కోటేశ్వరి ఎక్కడా చూడలేదు. అయినా పిల్ల సీటు ఉంది. ఆ ఒక్క ముక్కా వినపడ్డాక మిగతావి ఎట్టా ఉన్నా ఆమెకి ఒకటే.

"బడిలో చేరడమంటే రోజూ పోవాలా?" అనడిగింది ధనలక్ష్మి పిన్ని, కోపం ఎక్కడ పెట్టిందో మర్చిపోయి. "పోతాలే. మధ్యాహ్నంపూట ఎట్టాగూ తోచి చావదు. సంతకం నేర్పిస్తారా? మొన్న బ్యాంకులో వేలిముద్ర వేయించుకుని, ఆ పిల్లోడు నా వేలు తనే తుడిచాడు, నాకెంత నామోషీ అయిందో."

ఆదివారం సాయంత్రం కోటేశ్వరి మిషను పక్కన పెట్టి, నల్ల లైనింగు గుడ్డ ఒక గజం నేల మీద పరిచింది. బట్టల మీద గీతలు గీసే చాక్ ముక్క తీసుకుంది. ముందు క. దాని పొట్టకింద ష ఒత్తు, మెలి తిప్పి, నెత్తిన గుడి. చెయ్యి తిరిగిన మనిషి, మెడ వంపు గీసినట్టే గీసింది. ఒకవైపు మోక్షిత, ఒకవైపు పిన్ని, బోర్లా పడుకుని దిద్దారు. ఇరవై సార్లు తుడిచి ఇరవై సార్లు దిద్దాక, మోక్షిత గుడ్డ ఈ చివర్నించి ఆ చివరికి తన పేరు మధ్యలో ఖాళీ లేకుండా రాసింది. రాసి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూసుకుంది, వాళ్ళమ్మ జాకెట్టు చూసుకున్నట్టు.

సోమవారం ఆ గుడ్డ మడిచి సంచీలో పెట్టుకుని, మిస్‌కి చూపించాలని తల్లీకూతుళ్ళు గేటు దగ్గర నిలబడ్డారు. ఎస్తేరు మిస్ దిగి రాలేదు. మంగళవారం కూడా రాలేదు. పిన్ని బి సెక్షనులోంచి పట్టుకొచ్చిన కబురేమిటంటే, మహోత్సవం అప్‌డేట్, దానికి సవరణ, సవరణకి వివరణ, ఆ ముగ్గురు విద్యార్థుల నివేదికలు అన్నీ ఆమె ఒక్కతే రాస్తోందట. ఆయా టిఫిను డబ్బా పొద్దున పైకి తీసుకెళ్ళి, సాయంత్రం అట్టాగే కిందకి తెస్తోందట. కోటేశ్వరి పైకి పోబోతే, ఇప్పుడు ఆమె కూడా విద్యార్థినే గనక క్లాసు టీచరు అనుమతి ఉండాలన్నారు. ఆ క్లాసు టీచరు మేడ మీదుంది.

కాబట్టి మీలో ఎవరన్నా ఈ వారం చీరాల వైపు వెళ్ళే పనుంటే, ఆ బడి మేడ మీదికి ఒకసారి ఎక్కి, కుడిచేతి వైపు చివరి గదిలో ఎస్తేరు మిస్ ఎట్టా ఉందో చూసి రండి. గేటు దగ్గర ఆపితే ఆరు అంకెలు చెప్పండి. ఏవైనా ఫరవాలేదు, ఒకదానికి అర ఉండాలి. లోపలికెళ్ళాక ఆమెని ఏమీ రాయమని అడగకండి. డబ్బా మూత మీరే తీసి, అన్నం తినమని చెప్పండి. తింటున్నప్పుడు ఈ ఒక్క మాట చెప్పండి: మోక్షితకి క్ష వచ్చింది.